రాయమల్లు సుద్ద పళ్ళు

కాపురానికి వచ్చిన కొత్తలో, దేవుడి పటాలు పెట్టుకుందామని నేను మనసు పడ్డ గూట్లో మా ఆయన మనుషుల నోళ్ళు పెట్టారు. నిజం నోళ్ళు కావు, తెల్లటి సుద్దతో పోసిన అచ్చులు. పై దవడ, కింది దవడ, జంటలు జంటలుగా. వాటి మీద రోజూ బొగ్గుదుమ్ము పడేది, రోజూ నేను తుడిచేదాన్ని. ఇంట్లో మాట్లాడే నోళ్ళు రెండే. మాట్లాడని నోళ్ళతో గూడంతా నిండిపోయింది.

మా ఆయన రామచంద్రం, నస్పూర్ దగ్గర బొగ్గుబాయి దవాఖానలో పళ్ళ డాక్టరు. బొంబాయి పోయి పెద్ద చదువు చదవాలని ఆయనకు పిచ్చి. దానికి సొంతంగా ఒక పరిశోధన చేసి చూపాలట. పళ్ళ అరుగుదలను బట్టి మనిషి వయసు చెప్పవచ్చని నిరూపించడానికి ఈ అచ్చులు. బాయిలో దిగేవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, నోట్లో మెత్తటి మైనం కుక్కి అచ్చు తీసుకునేవారు. ఎందుకని అడిగితే "మీ పండ్ల మంచికే" అనేవారు.

"గట్ల అబద్ధమెందుకు? ఉన్నది చెప్పరాదా?" అన్నాను ఒకసారి.

"వయసు చూస్తున్న అంటే ఎవడన్న నోరు తెరుస్తడా నర్మదా? అయినా వాళ్ళకొచ్చే నష్టమేమున్నది?"

నష్టమేమిటో నాకూ తోచలేదు. గుడ్డ తీసుకుని దుమ్ము తుడవడానికి పోయాను.

అచ్చు ఇచ్చినవాళ్ళలో రాయమల్లు ఒకడు. బాయిలో టబ్బులనే ఇనప బండ్లకు బొగ్గు నింపేవాడు. మైనం నోట్లో పెట్టగానే గుడ్లు తేలేసి, కక్కుకోబోయి మా ఆయన చొక్కా పాడుచేశాడు. అంతా అయ్యాక మా ఆయన వయసెంతని అడిగారు.

"కలరా గత్తరొచ్చిన యేడు పుట్టిన అని మా అవ్వ చెప్పేది సారూ. గా లెక్కన నలభై ఆరు."

అతను వెళ్ళాక మా ఆయన నవ్వారు. "నలభై ఆరట! పండ్లు చూస్తే అరవై దాటింది."

రాయమల్లు పళ్ళు నిజంగానే బల్లపరుపుగా అరిగిపోయాయి. ఇసుర్రాయి నలుసులు కలిసిన జొన్నపిండి తిని, బొగ్గుపొడితో తోముకుని, పనిలో ఉన్నంతసేపూ బొగ్గుదుమ్ము నమిలితే ఎవరి పళ్ళు మిగులుతాయి? ఈ మాట నేనంటే ఆయన ఔననే అన్నారు. అదీ లెక్కలోకి తీసుకోవాలి, చూద్దాం అన్నారు. అంతటితో సరి.

రాయమల్లుకు మాత్రం ఆ అచ్చు మీద భలే ముచ్చట. మా వాకిట్లోంచి పోయినప్పుడల్లా గూట్లోకి తొంగిచూసేవాడు. "నా పండ్లు పైలంగ ఉన్నయా అమ్మా?" అనేవాడు.

"భద్రంగ ఉన్నయి, నీకేం ఫికర్ లేదు" అనేదాన్ని. తమాషాకు అంటున్నాడనుకున్నాను.

ఒక సాయంత్రం పన్ను నొప్పంటూ బాయి మేనేజరు మా ఇంటికే వచ్చాడు. అచ్చులు చూసి ఇవేమిటన్నాడు. మా ఆయనకు వినేవాళ్ళు దొరకడమే అరుదు, ఇక ఆగుతారా? పూసగుచ్చినట్టు చెప్పారు. మేనేజరు నొప్పి మరిచిపోయాడు.

"మా కూలీల్లో సగం మందికి పుట్టిన తేదీకి రుజువే లేదు డాక్టరు గారూ. ముసలివాళ్ళంతా నలభై అని చెప్పి పని చేస్తున్నారు. వచ్చే నెల వయసు బోర్డు కూర్చుంటుంది. మీరు ఈ అచ్చులు పట్టుకొచ్చి, అరవై దాటినవాళ్ళెవరో చెప్పండి. ఇళ్ళకు పంపేస్తాం."

"ఇంకా రుజువు కాలేదండీ," మా ఆయన నసిగారు.

"ఉజ్జాయింపుగా చెబితే చాలు. మీ బొంబాయి సెలవు మీద సంతకం పెట్టాల్సింది నేనే కదా."

అతను పోయాక మా ఆయనకు అన్నం సయించలేదు. "కాదని చెప్పున్రి" అన్నాను.

"కాదంటే బొంబాయి పోయినట్టే."

"ఔనంటే రాయమల్లు పని పోయినట్టే గద?"

ఆయన చెయ్యి కడుక్కుని లేచారు. ఆ తర్వాత మేనేజరుతో ఔననలేదు, కాదనలేదు. ఆ నాన్చుడే కొంప ముంచింది. మా కొంప కాదు, రాయమల్లు కొంప.

బాయి మీద పుట్టిన మాట పొద్దుగూకేలోపు బాయి అడుగుకు దిగుతుంది. పళ్ళ డాక్టరు పళ్ళు చూసి వయసు చెప్తాడట, వయసు మళ్ళినోళ్ళను ఇంటికి పంపిస్తారట అని కూలీల మధ్య గుసగుసలు. మా గూడు వైపు చూసే చూపులు మారాయి. రాయమల్లు కొన్నాళ్ళు అటువైపే రాలేదు.

వచ్చిన రోజు మొహానికి తువ్వాల చుట్టుకుని వచ్చాడు. వెనకాల అతని భార్య సమ్మవ్వ ఏడుస్తోంది. తువ్వాల తీస్తే చెంపలు వాచి, పెదాలు లోపలికి పోయి, మనిషిని పోల్చుకోలేనట్టు ఉన్నాడు. నోట్లో ఒక్క పన్ను లేదు.

"నేను మొత్తుకున్న అమ్మా, ఇనలే," అంది సమ్మవ్వ. "పండ్లు జూస్తే గద వయసు ఎరుకయ్యేది, పండ్లే లేకపోతే బోర్డోళ్ళు ఏం జూస్తరు అన్నడు. లక్సెట్టిపేట వారం అంగట్ల పండ్లు పీకేటోని ముందల కూసున్నడు. ఒక అంగడికి కిందియి, ఇంకో అంగడికి మీదియి. ఇగ గీ మొఖం జూసి నలభై ఆరంటే ఎవలన్న నమ్ముతరా?"

"ఎంత పని చేసినవ్ రాయమల్లూ!" మా ఆయన దగ్గరికొచ్చి నోరు తెరిపించి చూశారు.

రాయమల్లు మాత్రం చెయ్యి అడ్డంగా ఊపాడు. మాట సగం గాలికే పోతోంది, అయినా తెలిసింది.

"ఫికర్ లేదు సారూ. నా పండ్లు మీ కాడ పైలంగ ఉన్నయి గద. బోర్డు అయినంక తొడుగున్రి."

అంటూ గూట్లోకి వేలు చూపించాడు. అన్ని అచ్చుల మధ్య తనది ఏదో అతనికి తెలుసు. తప్పు లేకుండా దాన్నే చూపించాడు. ఫికర్ లేదని రోజూ చెప్పింది నేనే కదా! నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మా ఆయన ఆ అచ్చు తీసి అతని చేతిలో పెట్టారు. "ఇవి పెట్టుకునే పండ్లు కావు రాయమల్లూ. వట్టి సుద్ద. నీ కోసం చేసినయి కాదు, నా చదువు కోసం చేసుకున్న."

రాయమల్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వేళ్ళకు తెల్లగా అంటుకుంది.

"మరి నా మంచికే అంటిరి?"

మా ఆయన అతన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు తెమ్మన్నారు. తెచ్చాను. చీము పట్టిన చిగుళ్ళు కడగడానికి కూర్చున్నారు.

బోర్డు రోజున ఉత్త చేతులతో వెళ్ళారు. ఈ ప్రాంతంలో పళ్ళు చూసి వయసు చెప్పలేమనీ, తాను చేసింది తప్పు పరిశోధన అనీ, రాయమల్లుకు నలభై ఆరేననీ నిలబడి చెప్పారట. మేనేజరు చాలా మర్యాదగా, "అలాగే డాక్టరు గారూ, పళ్ళు చూడం" అన్నాడట. రాయమల్లు బోసి మొహం చూసి అందరూ నవ్వుకున్నారట. అరవై దాటిందని తేల్చేశారు. పని పోయింది. బొంబాయి కూడా పోయింది, దానికి మాత్రం నేను ఏడవలేదు.

మిగిలిన అచ్చులను మా ఆయన ఎవరివి వాళ్ళకు ఇచ్చేశారు, ఎందుకు తీసుకున్నారో చెప్పి మరీ. కొందరు తిట్టారు. కొందరు పిల్లలు ఆడుకుంటారని పట్టుకుపోయారు. గూడు ఖాళీ అయింది, కానీ పటాలు పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

చిగుళ్ళు మానాక రాయమల్లుకు కట్టుడు పళ్ళు చేశారు. అవి తొడిగి అద్దం చేతికిచ్చారు. రాయమల్లు చాలాసేపు చూసుకున్నాడు. కొత్త పళ్ళు కదా, మాట తడబడుతోంది.

"గిప్పుడు నా వయసెంత సారూ?"

వెక్కిరింత లేదు, కోపం కూడా లేదు. నిజంగానే అడిగాడు.

"నలభై ఆరు," అన్నారు మా ఆయన, తల దించుకుని.

"గదే గద సారూ, నేను మొదాలు జెప్పింది," అన్నాడు రాయమల్లు.