అలుమితకు ఒక చాప

ఒక్క పేరు కోసం మా అమ్మాయి తోరిక రోజుల తరబడి నా ప్రాణం తీసింది.

టీవీలో వచ్చే ఒక నక్షత్ర నౌక కథంటే దానికి పిచ్చి. ఆ కథలోకి తన సొంత మనుషుల్ని చేర్చి ఫోన్‌లో రాసి పెడుతుంది. ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. ఫిజీలో మా సువా ఊళ్ళోనే కాదు, టోంగా, సమోవా దీవుల్లో కూడా పిల్లలు చదువుతారు. ఈసారి నౌకకు ఒక వైద్యురాలు కావలసి వచ్చింది. వెలుగు అనే అర్థం వచ్చే పేరొకటి, వెన్నెల అని వచ్చేదొకటి పెట్టి చూసింది. ఏదీ ఆ మనిషికి అతకలేదు. చివరికి అలుమిత అని పెట్టి గంతులేసింది.

అలుమిత అంటే మా వారి అక్క. పక్క దీవిలో, లెవుకాలో ఉంటుంది. పెద్ద తుఫాను నాడు ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళను చర్చిలోకి చేర్చిన మనిషి. అత్త చేసిన పనే ఆ పేరుకు అర్థం అంది తోరిక. నాకూ నచ్చింది. వదినను అడిగావా అని తోరికను అడగడం మాత్రం నాకు తోచలేదు.

మా వాళ్ళలో ఒకరి పేరు ఇంకొకరికి పెడితే ఇద్దరూ పేరుచుట్టాలవుతారు. పెట్టేముందు అడగాలి. పెట్టాక పెద్దామె చాప తెచ్చి పేరుచుట్టాన్ని చూసి వెళ్ళాలి. కథలో మనుషులకు ఇదంతా ఎందుకుంటుంది అనుకున్నాం.

శనివారం పొద్దున్నే పడవ దిగి, బస్సు పట్టుకుని వదిన వచ్చేసింది. చంకలో చుట్టిన కొత్త చాప, దాని అంచుకు రంగురంగుల ఊలు కుచ్చులు.

"ఎక్కడే నా పేరుచుట్టం?" అంది గుమ్మంలోనే. చర్చి పాటల బృందంలో పిల్లలు ప్రతి భాగమూ చదివి వినిపించారట. "జబ్బుపడ్డ వాళ్ళందరికీ గంజి కాచి పోసిందట కదా, అచ్చం నేనే. సన్నగా ఉంటుందని రాశావట. అదొక్కటే అబద్ధం."

తోరిక మొహం పాలిపోయింది. నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. చివరి భాగం రేపే పెట్టాలి. అందులో నౌక ముక్కలవుతుంటే, లోపల చిక్కుకున్న వాళ్ళకోసం అలుమిత వెనక్కి వెళ్ళి వాళ్ళను పంపించి తాను చనిపోతుంది.

"బతికిస్తే కథ పాడైపోతుందమ్మా. చంపితే అత్త మొహం ఎలా చూడను?"

పేరు మార్చెయ్యమన్నాను. ఇన్నాళ్ళూ అందరూ ఆ పేరుతోనే ప్రేమించారు, ఇప్పుడెలా అంది. చాప పట్టుకుని వచ్చిన మనిషి దగ్గర దాచడం తప్పనిపించింది. వెళ్ళి చదివి వినిపించు అన్నాను.

నిమ్మాకు టీ, ఉడకబెట్టిన కర్రపెండలం ముందు పెట్టుకుని వదిన వింది. కాసేపటికి నమలడం ఆగిపోయింది.

"అడక్కుండా నా పేరు తీసుకున్నావు. అడక్కుండా చంపేస్తున్నావు కూడా."

"మార్చేస్తానత్తా," అంది తోరిక.

వదిన చాప కుచ్చులు సవరించింది. "వెనక్కి వెళ్ళకపోతే అది అలుమిత ఎట్లా అవుతుందే? వెళ్ళనీ. మరి ఆ పేరు తర్వాత ఎవరికి?"

"ఎవరూ లేరత్తా."

"నౌకలో వంటపిల్లకి వాంతులవుతున్నాయని నువ్వే రాశావు కదా."

"అది ప్రయాణం పడక."

"నీకేం తెలుసు, ఊరుకో."

తోరిక కళ్ళు మెరిశాయి. ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఇక చూడాలి ఇద్దరినీ. వంటపిల్లకి పుట్టే చిన్న అలుమిత ఏడుపు ఎలా ఉండాలో వదిన చేసి చూపించింది. బిడ్డను చాప మీద పడుకోబెట్టాల్సిందే అంది, కుచ్చుల రంగులు కూడా చెప్పింది. ఆడపిల్లే అని నేనూ అరిచాను. చేమదుంపలు మాడిపోయిన సంగతి మా వారు వచ్చి చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక తోరిక చివరి భాగం పెట్టింది. ఫోన్ మోగుతూనే ఉంది. టోంగా నుంచి ఎవరో ఏడుస్తూ రాశారు. ఆ వెంటనే, పాప ఎప్పుడు నడుస్తుందని అడిగారు. వదిన బస్సెక్కబోతూ చాప తోరిక చేతిలో పెట్టింది.

"ఇది చిన్నదానికి. నడక రాగానే నాకు కబురు చెయ్యి."

ఆ సాయంత్రం భోజనం ముందు ప్రార్థనలో నేను అలుమిత పేరు కూడా చెప్పాను. ఊహించి రాసిన పిల్లలు దేవుడి లెక్కలో ఉంటారో లేదో నాకు తెలియదు. మా వారు ఒక కన్ను తెరిచారు.

"ఏ అలుమిత?"

"ముందు కళ్ళు మూసుకోండి," అన్నాను.