డ్రైవరు తల మీది మూత

అంచుని ఇంకో మూడుసార్లు రుద్దితే సరిపోతుంది. నాలుగోసారి రుద్దితే వదులైపోతుంది. అతను లెక్కపెట్టి మూడుసార్లు రుద్ది, ఆకురాయి పక్కన పెట్టి, మూతని కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు. బొటనవేలి గోరంత ఉంది. పళ్ళసెట్లకి వాడే గులాబీరంగు పొడితోనే పోతపోశాడు కాబట్టి, రంగు పడేదాకా అది యుద్ధట్యాంకు మూతలా కాక ఎవరి చిగుళ్ళ ముక్కలానో కనిపిస్తుంది.

"కాఫీ చల్లారిపోతోంది," అంది భార్య. "యుద్ధం అయ్యాక తాగుతారా?"

"అయిపోయింది, వచ్చేశాను."

"నిన్నా అదే అన్నారు. మీ సంగతి తెలిస్తే శత్రువులు సరిగ్గా కాఫీ వేళకే దిగుతారు." ఆమె బల్ల మీదికి వంగి చూసింది. "నా కుట్టుడబ్బాలో గుండుసూది తీశారా?"

"ఒక్కటే. మూత తిరగడానికి ఇరుసు కావాలిగా."

వంటింటి అలమారా పైన అతను చేసిన ట్యాంకులు పదకొండు వరసగా ఉన్నాయి. అన్నీ అసలు బండిలో ముప్పై అయిదో వంతు. చూసేవాళ్ళకి అన్నీ ఒకటే. అతనికి ఏ రెండూ ఒకటి కావు. ముందు వచ్చినదానికి చక్రం అంచున పదహారు బోల్టులు, ఏడాది తర్వాత వచ్చినదానికి ఇరవైనాలుగు. ఒకదానికి పక్కరేకు మధ్యలో విరిగి రెండు వాలులుగా ఉంటుంది, మరోదానికి ఒకే వాలు. పేరు మారదు, కర్మాగారం మారదు, వివరం మారుతుంది. భార్య వారానికోసారి వాటిని పాత బ్రష్షుతో దులుపుతుంది. ఏది ఏ చోట ఉండాలో ఆమెకి కంఠతా వచ్చు. ఆ మాట మాత్రం ఎన్నడూ ఒప్పుకోదు.

అతను పళ్ళ డాక్టర్లకి సెట్లు చేసిపెట్టే చిన్న లాబ్‌లో ఇరవయ్యారేళ్ళుగా పనిచేస్తున్నాడు. అక్కడందరూ మేస్త్రీ అంటారు. నోళ్ళు అచ్చులుగా వస్తాయి, పళ్ళుగా వెళ్ళిపోతాయి. ఏ నోరు ఎవరిదో తెలియదు. సరిపోకపోతేనే కబురు వస్తుంది. సరిపోయిందన్న మాట ఇంతవరకూ అతని చెవిన పడలేదు.

ఒక్క సెట్టు మూడుసార్లు తిరిగొచ్చింది. "ఆయనెవరో నువ్వే వెళ్ళి చూసి రా, నావల్ల కాదు," అన్నాడు డాక్టరు. వెళ్తే, రెండు కళ్ళూ పోయిన ముసలాయన. మంచం పక్క గోడకి ఒక ఫొటో. యుద్ధట్యాంకు ముందుభాగంలోంచి భుజాల దాకా పైకి వచ్చి నవ్వుతున్న కుర్ర డ్రైవరు, ఒకప్పటి ఆయనే. మేస్త్రీ పళ్ళ సంగతే మరిచిపోయాడు. తర్వాతి ఆదివారం తన అలమారా పైనుంచి అన్నిటికన్నా బాగా కుదిరినదాన్ని తీసుకెళ్ళి ఆ చేతుల్లో పెట్టాడు. ముసలాయన వేళ్ళు దానిమీద నెమ్మదిగా నడిచి, ఒకచోట ఆగిపోయాయి.

"ఇది నాది కాదు మేస్త్రీ."

"అదే బండి పెద్దాయనా. ఫొటో చూసే చెబుతున్నాను."

"ఫొటోలో నా భుజం అడ్డం ఉంది, నీకేం కనిపిస్తుంది? ఇది తర్వాత వచ్చిన బండి. దీని మూతకి మడతబందు ఉంది. నాది కాస్త పైకి లేపి పక్కకి తిప్పాలి. అదీ ఫిరంగి గొట్టం నెత్తిమీద లేకపోతేనే. ముందు ఫిరంగివాడు పై బురుజు తిప్పి గొట్టం పక్కకి లాగాలి, అప్పుడే నేను బయటపడేది." బోసినోటితో నవ్వాడు. "వాణ్ణి బతిమాలుకోవడంతోనే నా యుద్ధమంతా అయిపోయింది. దిగాక మూత వెయ్యం. తెరిచి ఉంటే లోపల ఎవరూ లేరని గుర్తు."

అయిదు వారాలు పట్టింది మళ్ళీ చేయడానికి. నిన్న ఆయన కోడలు ఫోన్ చేసింది. "మామయ్యగారు తిండి మానేశారండీ. డాక్టరు ఇవాళో రేపో అంటున్నారు. మీ బండి అడుగుతున్నారు. పళ్ళు అడగట్లేదు."

తను ఇన్నాళ్ళూ పట్టిన లెక్క సరైనదో కాదో చెప్పగల వేళ్ళు అతనికి తెలిసి ఆ పదే.

భార్య చెప్పుల పెట్టెలో పాత వాయిల్ చీర ముక్క పరిచి, బండిని పడుకోబెట్టి, గొట్టం చుట్టూ దూది పెట్టింది. "బస్సులో ఒళ్ళో పెట్టుకోండి. కిటికీ పక్క సీటు దొరికిందని మైమరచిపోకండి."

లాబ్‌లో మధ్యాహ్నమంతా సుద్దపొడి వెలుగులో తేలుతోంది. అచ్చుల్లో గాలిబుడగలు పోవడానికి పెట్టిన చిన్న యంత్రం సన్నగా వణుకుతూ మూలుగుతోంది. ఆ మూలుగు చెవిలో పడితే చాలు, అతను గదిలో ఉండడు. బస్సుకన్నా పెద్ద బండి ఎన్నడూ ఎక్కని మనిషి, ఇనపగోడల మధ్య వెచ్చటి చీకట్లో కూర్చుని ఉంటాడు. భోజనం వేళ మూతకి ఆకుపచ్చ రంగు వేశాడు.

"ఎవరి పన్ను మేస్త్రీ, అంత పచ్చగా ఉంది?" అన్నాడు యజమాని.

"పన్ను కాదండీ, మూత."

"నోటికి మూతా! మా ఇంట్లో ఒకటి కావాలి, కొలతలిస్తాను."

నాలుగింటికి రంగు ఆరింది. మూతని గుండుసూది ఇరుసు మీద కూర్చోబెట్టాడు. గోటితో లేపి తిప్పాడు. తిరిగింది. మళ్ళీ మూసి, గొట్టాన్ని తిన్నగా ముందుకి పెట్టి పెట్టె కట్టాడు.

ముసలాయన గదిలో తెల్లటి తెర గాలికి నిండుతూ, ఖాళీ అవుతూ ఉంది. కిటికీ గట్టు మీద గ్లాసు నీళ్ళలో అతను చేసిన నాలుగో పళ్ళసెట్టు మునిగి ఉంది. కోడలు చెవి దగ్గర వంగి, "మామయ్యా, మేస్త్రిగారు వచ్చారు," అంది. అతను బండిని దుప్పటి మీద పెట్టి, ఆ చేతిని తీసి దానిమీద ఉంచాడు. ఏ బండో చెప్పలేదు. చెబితే పరీక్ష ఎలా అవుతుంది?

వేళ్ళు కదిలాయి. చక్రం దగ్గర ఆగాయి. చూపుడువేలి గోరు బోల్టు మీంచి బోల్టుకి పాకింది. చూస్తూ ఉండటం అతనివల్ల కాలేదు. లేచి కిటికీ వైపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోడలు టీ పెట్టడానికి వెళ్ళింది. తెర అతని ముఖాన్ని తాకి వెనక్కి పోతోంది. ఎదురుమేడ మీద ఎవరో ఆరేసిన దుప్పట్లు ఒక్కొక్కటే తీస్తున్నారు. ఎక్కడో నీళ్ళ మోటారు తిరుగుతోంది. ఆ మూలుగులో అతని కళ్ళు బరువెక్కాయి. వెచ్చటి చీకటి. కాళ్ళకింద ఇనుము వణుకు. పైన ఎవరో, "తిప్పుతున్నా, ఉండరా," అంటున్నారు. తర్వాత నెత్తిమీద సన్నటి నెలవంకలా వెలుగు.

కప్పు సాసరు మీద చప్పుడైంది. కళ్ళు తెరిచాడు. కోడలు టీ కప్పుతో మంచం పక్కన నిలబడి ఉంది.

"మామయ్యా," అంది ఒకసారి. రెండోసారి అనలేదు. కప్పు కిందపెట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కొంగుతో ఆయన నుదురు తుడిచింది. "ఏమన్నా అన్నారా, మీతో?"

"ఏమీ అనలేదమ్మా," అన్నాడతను లేస్తూ. అప్పుడు చూశాడు.

వేళ్ళు బండిని వదిలేసి దుప్పటి మీద తేలిగ్గా పడి ఉన్నాయి. ఆ పక్కన బండి, గొట్టం పూర్తిగా పక్కకి తిరిగి, మూత కాస్త పైకి లేచి ఒకవైపుకి జరిగి, కింద గోరంత ఖాళీతో సాయంకాలపు వెలుగులో ఆగి ఉంది.