ఎనిమిది నిమిషాల జడ

మా అత్త కామేశ్వరమ్మ నా గడప తొక్కకూడదని రెండేళ్ళ కిందట చెప్పాను. నా కూతురు ఆమె ముఖం చూడకూడదని కూడా చెప్పాను. పదకొండో రోజు కర్మ దగ్గర, బంధువులందరి ముందూ చెప్పాను. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

కారణం చిన్నది కాదు. మా బావమరిది జయకృష్ణ మల్కాజిగిరిలో ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశంలో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. ఆడపడుచంటే నా భార్య రాధిక ఒక్కతే. పిల్లను తీసుకుని మూడు రోజుల ముందే వెళ్ళింది. వెళ్ళిన మర్నాడే జ్వరం వచ్చింది. మా అత్త మాత్ర మింగించి, "ముహూర్తం ఎల్లుండే కదమ్మా, పాలు పొంగించేశాక ఆసుపత్రికి పోదాం" అంది. రాధిక పాలు పొంగించింది. ఫొటోల్లో నవ్వుతూనే ఉంది. ఆ సాయంత్రం అక్కడే కూలబడింది. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. నాలుగో రోజుకి అంతా అయిపోయింది.

అప్పటికి లేఖకి ఏడేళ్ళు. ఇప్పుడు తొమ్మిది.

నేను బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటా కమీషన్ కొట్లో గుమస్తాని. తణుకు దగ్గర పల్లెటూళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. రాధిక పోయాక అన్నీ నేర్చుకున్నాను. అన్నం, పప్పు, యూనిఫాం ఇస్త్రీ, స్కూలు డైరీలో సంతకం. ఒక్క జడ మాత్రం నాకు రాలేదు. నా చేతులు క్రేట్లు ఎత్తిన చేతులు. జుట్టు పాయలుగా తీయబోతే పిల్ల తల వెనక్కి గుంజుకుపోతుంది. అందుకని బడి రోజుల్లో కింది వాటాలో బట్టలు కుట్టే ఖమర్ బీ వేసేది. మడిచి రిబ్బన్లు కట్టిన రెండు జడలు. ఆదివారం మాత్రం నేనే ఒక రబ్బరు బ్యాండు బిగించేవాణ్ణి.

జూన్‌లో బడులు తెరిచిన వారం లేఖ అడిగింది.

"నాన్నా, ఆదివారం సంజీవయ్య పార్కుకి పోదామా? అమ్మ తీసుకెళ్ళేది కదా."

రాధిక తీసుకెళ్ళేది. ప్రతి ఆదివారం, సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆదివారం నేను నిద్రపోయేవాణ్ణి.

"పోదాం," అన్నాను.

"కానీ నేను లేడీస్ బోగీలోనే ఎక్కుతా."

"నన్ను ఎక్కనివ్వరే అందులో."

"నువ్వు పక్క దాంట్లో ఎక్కు. నేను కూర్చుంటాలే. నాకు స్టేషన్లు వచ్చు. జేమ్స్ స్ట్రీట్, తర్వాత మనది."

తల్లితో కూర్చున్న చోటే కూర్చోవాలనుకుంటోంది అనుకున్నాను. కాదనలేకపోయాను. కాదనలేకపోవడం నాకు అరుదు.

ఆ ఆదివారం నాలుగున్నర రైలుకి సికింద్రాబాద్ స్టేషన్లో ఆమెను లేడీస్ బోగీ ఎక్కించి, పక్క పెట్టెలో నిలబడ్డాను. ఎనిమిది నిమిషాల ప్రయాణం. ఆ ఎనిమిది నిమిషాలూ తలుపు దగ్గర చెమటలు పట్టి నిలబడ్డాను. సంజీవయ్య పార్కు స్టేషన్లో నేను దిగేసరికి ఆమె ముందే దిగి నిలబడి ఉంది. జుట్టుకు నేను బిగించిన రబ్బరు బ్యాండు లేదు. రెండు జడలున్నాయి. పాపిడి తాడు పట్టి గీసినట్టుంది.

"ఎవరేశారు?"

"రైల్లో ఒకావిడ. నా జుట్టు చూసి, ఇదేం జడే, గడ్డిమోపు కట్టినట్టుందీ అంది."

నాకు నవ్వొచ్చింది. ఈ ఊళ్ళో ఇంకా మంచివాళ్ళున్నారనుకున్నాను. పార్కులో ఉయ్యాల ఊపాను. మొక్కజొన్న కంకి కొనిపెట్టాను. లేఖ ఆ సాయంత్రమంతా వాగుతూనే ఉంది. రెండేళ్ళుగా వినని మాటలు.

మళ్ళీ ఆదివారం కూడా జడలు. ఆ మరుసటి వారం కూడా. పెదవుల చుట్టూ మినప సున్నుండ పొడి. "ఆవిడే పెట్టింది," అంది. రైల్లో ఎవరేం పెట్టినా తినొద్దని కసిరాను. తల ఊపింది. ఆదివారాల కోసం నేను కూడా ఎదురుచూడటం మొదలుపెట్టాను. శనివారమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాణ్ణి.

ఐదో ఆదివారం రైలు కిక్కిరిసి ఉంది. జనం నన్ను తోసుకుంటూ పెట్టె చివరికి, లేడీస్ బోగీకీ మాకూ మధ్యనున్న ఇనుప జాలీ దాకా తెచ్చారు. జాలీలోంచి చూశాను.

ముందు చేతులు కనిపించాయి. ముడతల చేతులు. లేఖ జుట్టును మూడు పాయలు తీసి గబగబా అల్లుతున్నాయి. దువ్వెనను నోట్లో పళ్ళ మధ్య అడ్డంగా పట్టుకుని ఉంది. రాధిక కూడా దువ్వెన అలాగే పట్టుకునేది. జడ అల్లుతూ మాట్లాడబోయి, దువ్వెన జారి, నవ్వేది. ఎవరి దగ్గర నేర్చుకుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

కామేశ్వరమ్మ. రెండేళ్ళలో పదేళ్ళు ముసలిదైపోయింది. కళ్ళజోడు కాడకు తెల్లదారం చుట్టి ఉంది. లేఖ ఏదో చెబుతోంది, ఆగకుండా చెబుతోంది. ముసలావిడ దువ్వెన పంటి కిందే ఉంచుకుని ఊఁ కొడుతోంది. జేమ్స్ స్ట్రీట్ దాటాక చేతులు ఇంకా వేగం పెంచాయి. టైము తెలిసిన చేతులు.

నాకు అర్థమైంది. నేను అడుగు పెట్టలేని చోటు ఈ ఊళ్ళో అదొక్కటే. వెతికి పట్టుకున్నారు.

పార్కు స్టేషన్లో దిగాను. లేఖ నవ్వుతూ వచ్చింది. నా ముఖం చూసి నవ్వు ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

పిల్ల తల దించుకుంది. రైలింకా కదల్లేదు. కిటికీలోంచి ముసలావిడ చూస్తోంది.

నేను రిబ్బన్లు లాగేశాను. జడలు విప్పాను. రెండూ విప్పాను. ప్లాట్‌ఫాం మీదే, ఆమె చూస్తుండగానే. లేఖ కదల్లేదు, ఏడవలేదు. విప్పుతున్నప్పుడు తల నిటారుగా పట్టుకుని నిలబడింది. అల్లేటప్పుడు నిలబడినట్టే.

"అల్లుడు గారూ, పిల్లనేం అనకండి. తప్పు నాదే బాబూ," అని కిటికీలోంచి వినిపించింది. రైలు కదిలింది.

పార్కుకి వెళ్ళలేదు. ఆటోలో ఇంటికొచ్చేశాం.

ఇంటికి రాగానే ఖమర్ బీ దగ్గరికి వెళ్ళాను. మిషను ఆపి నా వైపు చూసింది.

"ఏం భయ్యా, గిట్ల మొఖం వెట్టుకొని వచ్చినవ్?"

"నీ ఫోన్లోంచేనా అమ్మమ్మా మనవరాలూ మాట్లాడుకున్నది?"

"అవ్, నేనే ఇచ్చిన. పోరి నానమ్మా అమ్మమ్మా అని ఏడుస్తుంటే ఇయ్యకుంట ఎట్లుంట? నా దగ్గర గంత గట్టి దిల్ లేదు భయ్యా, కాదని చెప్పనీకి."

"దానికి నానమ్మ లేదు."

"అందుకే కదా, ఉన్న ఒక్క ముసల్దాన్ని అడిగింది."

"ఇది మా ఇంటి విషయం అక్కా."

"మీ ఇంటి విషయమే. జడలు మాత్రం నేనెయ్యాల్నా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "టమాటకు దెబ్బ తాకొద్దని హమాలీలను మొత్తుకుంటవట, మెల్లగ దించుండ్రి అని. పోరికి సుత జెర మెల్లగ చెప్పు. ఇంకో మాటున్నది, కూసో, విను—"

నేను వినలేదు. "రేపట్నుంచి జడలు నేనే వేస్తా," అని మెట్లెక్కేశాను.

పైన లేఖ కంచం ముందు కూర్చుని ఉంది.

"నాన్నా, ఇంకా నాలుగు ఆదివారాలే. నాలుగంటే నాలుగు. తర్వాత ఎప్పుడూ అడగను. ప్రామిస్."

"బేరాలు మార్కెట్లో. ఇంట్లో కాదు. తిను."

"మూడు?"

"తినమన్నానా."

తింది. కంచం కడిగి బోర్లించింది. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. నాలుగే ఎందుకు, పది ఎందుకు కాదు, ఎప్పటికీ అని ఎందుకు కాదు అని నేను ఆలోచించలేదు. మార్కెట్లో ఇరవై ఏళ్ళున్నవాణ్ణి. ఎవడైనా ఒక అంకె పట్టుకుని వేలాడితే దాని వెనక ఏదో ఉందని నాకు తెలుసు. కానీ అది నా కూతురి అంకె. అందుకని లెక్క చేయలేదు.

ఆ తర్వాతి ఆదివారాలు నేనే మంచి చోట్లకు తీసుకెళ్ళాను. ఒక వారం బస్సులో జూ పార్కుకి. ఒక వారం పెద్ద మాల్‌కి, లిఫ్టులో పైకీ కిందకీ. ఒక వారం యాప్రాల్‌లో మా కొట్టు యజమాని మనవడి పుట్టినరోజుకి. నాలుగో వారం సినిమాకి. లేఖ అన్నింటికీ వచ్చింది. రమ్మంటే వచ్చింది, కూర్చోమంటే కూర్చుంది. జూలో పులిని చూపిస్తే చూసింది. మధ్యాహ్నం నాలుగు దాటేసరికి మాత్రం ఎక్కడున్నా ఎదురుగా ఉన్న గడియారం వైపో, ఎవరి చేతి వాచీ వైపో చూసేది. నాలుగున్నర దాటాక చూడటం మానేసేది.

జడలు నేనే వేశాను. బడి డైరీలో టీచరమ్మ రెండుసార్లు రాసింది, జుట్టు నీట్‌గా లేదని. రెండుసార్లూ సంతకం పెట్టాను.

ఐదో ఆదివారం నా మనసు కొంచెం మెత్తబడింది. ఆమెను క్షమించానని కాదు. పిల్ల మాట్లాడక ఇల్లు చచ్చిన ఇల్లులా ఉంది. అంతే.

"లేఖా, ఇవాళ రైలెక్కుదామా? లేడీస్ బోగీలో కూర్చో. నేను జాలీ దగ్గరికి రానులే."

నా మట్టుకు అది పెద్ద మాట. చాలా పెద్ద మాట.

పిల్ల బొమ్మకు రంగు వేస్తోంది. తలెత్తలేదు.

"ఇప్పుడెందుకు?"

"అదేంటి?"

"అమ్మమ్మ వాళ్ళు వెళ్ళిపోయారు. మామయ్యకి ట్రాన్స్‌ఫరయింది. రాయపూర్. మొన్న బుధవారమే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను కదా. నాలుగు ఆదివారాలే అని."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను, "మీ అమ్మమ్మ ఆ రోజు మీ అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే..."

"అమ్మ నీకు కూడా ఫోన్ చేసింది నాన్నా."

రంగు పెన్సిలు కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నేను పక్కనే ఉన్నా. జ్వరం ఎక్కువగా ఉంది, వచ్చి తీసుకెళ్తారా అని అడిగింది. నువ్వు, మూడు లారీలు దిగుతున్నాయి, ఒక్క రోజు ఓర్చుకో, మీ అమ్మ దగ్గరే ఉన్నావు కదా అన్నావు. స్పీకర్లో పెట్టింది అమ్మ. చెయ్యి నొప్పి పుడుతోందని."

రెండేళ్ళుగా ఆ ఫోను సంగతి నాకొక్కడికే తెలుసనుకున్నాను. ఈ పిల్ల నా పక్కనే పడుకుంటోంది. నేను పదకొండో రోజు అందరి ముందూ మా అత్తను తిడుతుంటే నా చొక్కా అంచు పట్టుకుని నిలబడే ఉంది. ఎవరితోనూ అనలేదు. ముసలావిడతో కూడా అనలేదేమో. అని ఉంటే ఆవిడ "తప్పు నాదే" అనేది కాదు.

ఖమర్ బీ దగ్గర నంబరు తీసుకుని చేశాను. జయకృష్ణ ఎత్తాడు.

"మీ అమ్మగారికి ఒకసారి ఇవ్వు. లేఖ మాట్లాడుతుంది."



"మూడు వారాలు ఆవిడ సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్ళి కూర్చుంది బావగారూ. రైలు వచ్చినప్పుడల్లా లేచి చూడటం, మళ్ళీ కూర్చోవడం. చీకటి పడ్డాక ఇంటికి రావడం. నాలుగో వారం నేనే పోనివ్వలేదు. మీరన్నవన్నీ పడింది. మీరు అనకముందే తనని తాను అనుకుంది. ఇక నా వల్ల కాదు. మా అమ్మని వదిలెయ్యండి. ఈ నంబరుకి చెయ్యొద్దు."

"పిల్ల అడుగుతోంది..."

"పిల్ల అడిగినప్పుడు మీరేం చేశారు బావగారూ?"

పెట్టేశాడు. నేనే అతనైతే నేను కూడా అదే మాట అని ఉండేవాణ్ణి. అంతకంటే ఎక్కువే అని ఉండేవాణ్ణి. తర్వాత మూడుసార్లు చేశాను. ఎత్తలేదు.

మరుసటి ఆదివారం లేఖ తనంతట తానే బయల్దేరింది. "పార్కుకి పోదాం," అంది. నేను జుట్టుకు రబ్బరు బ్యాండు వేయబోతే, "వద్దు, అలా వదిలెయ్," అంది. చిన్న గుడ్డ సంచి భుజానికి తగిలించుకుంది.

స్టేషన్లో లేడీస్ బోగీ ఎక్కుతూ వెనక్కి తిరిగింది. "నువ్వు జాలీ దగ్గరికి రావద్దు."

రానన్నాను. రైలు కదిలాక వెళ్ళాను. అన్న మాట తప్పడం అలా మొదలైంది నాకు.

కామేశ్వరమ్మ కూర్చునే సీట్లో లేఖ ఒక్కతే కూర్చుని ఉంది, నా వైపు వీపు పెట్టి. సంచిలోంచి దువ్వెన తీసింది. పాపిడి తీసింది, చెరిపేసింది, మళ్ళీ తీసింది. పక్కనున్న ఆవిడెవరో సాయం చేయబోతే తల అడ్డంగా ఊపింది. దువ్వెన పళ్ళ మధ్య అడ్డంగా పట్టుకుంది. చేతులు వెనక్కి పెట్టి, కనిపించని జుట్టును మూడు పాయలు చేసుకుంది. అల్లింది. జారిపోయింది. మళ్ళీ అల్లింది. చేతులు నొప్పి పుట్టి ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ ఎత్తింది.

ఎనిమిది నిమిషాలు.

సంజీవయ్య పార్కు స్టేషన్లో దిగింది. ఒక వైపు జడ, వదులుగా, అయినా జడే. రెండో వైపు జుట్టు భుజం మీద విరబోసి ఉంది. చేతిలో ఒక రిబ్బను మిగిలింది.

"ఒకటే అయిందే," అన్నాను.

"స్టేషన్ వచ్చేసింది."

రిబ్బను కోసం చెయ్యి చాపాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టింది. సంచిలో పెట్టుకుంది. పార్కు వైపు ముందు నడిచింది.