ఊఁ కొట్టే చోటు

ఫ్యాను కట్టేసి, తలుపు బిగించి, చేతి గడియారం విప్పి సంచిలో వేసుకుని కథలమ్మ మైకు ముందు కూర్చుంది. ఫ్యాను తిరిగితే మైకు పట్టేస్తుంది, గడియారం టిక్కుమన్నా పట్టేస్తుంది. కడుపు గుడగుడమంటే అదీ పట్టేస్తుందని పొద్దున్నే రెండు అరటిపళ్లు తిని మరీ వస్తుంది. గోడల నిండా నల్లటి స్పాంజి అంటించిన ఆ గదిలో కాసేపు కూర్చుంటే చాలు, మెడ మీంచి చెమట కారి వీపంతా తడిసిపోతుంది. ఆ ఉక్క గొంతులోకి మాత్రం రానివ్వదు.

"అనగనగా ఒక కుంటి మేక ఉండేది," అంది. ఆగింది. తల కొద్దిగా ఊపింది. "దానికి వానంటే మహా భయం." మళ్లీ ఆగింది.

ఆ ఆగడం ఇక్కడ నేర్చుకున్నది కాదు. బట్టల మిల్లు వెనక రేకుల షెడ్డులో, పనికొచ్చిన తల్లుల పిల్లల్ని సాకుతూనే ఆమె వయసంతా గడిచిపోయింది. మధ్యాహ్నం వాళ్లను వరసగా పడుకోబెట్టి కథ మొదలుపెడితే మాటమాటకీ ఊఁ కొట్టేవాళ్లు. ఒక్కొక్క ఊఁ సన్నగిల్లి, ఆఖరిది కూడా వినబడకపోతే అందరూ నిద్రపోయినట్టు. అప్పుడు గాని ఆమె అన్నం తినేది కాదు. పెళ్లి ఊసు ఎవరూ ఎత్తలేదు, ఆమె పట్టించుకోనూ లేదు. మిల్లు మూతపడ్డాక, పిల్లల పాడ్‌కాస్టులు చేసే ఈ ఆఫీసులో పని దొరికింది. బొమ్మ లేని ఉత్త గొంతును ఈ కాలం పిల్లలు వింటారా అని ముందు ఆమెకే అనుమానం. విన్నారు. బొమ్మ చూపించకపోతే కథలోని జంతువులకి రంగు వాళ్లే వేసుకున్నారు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు, రికార్డయిన కథలను కత్తిరించి అతికించే ఎడిటరమ్మ ఫోను తీసింది.

"మావాడు ఫోన్లో బొమ్మలు అడగడమే మానేశాడండీ. మీ కథ పెడితే కళ్లు మూసుకుని వింటాడు. నిన్న మా అత్తగారికి నత్త కథంతా వాడే చెప్పాడు. వాడు కథ వింటుంటే రికార్డు చేశాను, వినండి."

ఫోన్లో కథలమ్మ గొంతు గడగడా సాగిపోతోంది. దాని వెనక ఓ పసిగొంతు పడుతూ లేస్తూ వస్తోంది: "ఊఁ... ఆగు. ఆగు మరి."

ఎడిటరమ్మ మురిసిపోయింది. కథలమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఆగమంటున్నాడేమిటమ్మా? నేను ఆగానుగా."

"ఆ ఖాళీలన్నీ తీసేస్తామండీ. మేనేజరుగారు చెప్పారు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

తన గొంతు తను వినడం సిగ్గని కథలమ్మ ఇన్నాళ్లూ ఒక్క కథా విని ఎరగదు. అదే కొంప ముంచింది. ఆమె ఎవరి కోసం ఆగుతూ వచ్చిందో ఆ పిల్లలే, ఆమె మాటల వెంట పరిగెత్తలేక ఆగమని బతిమాలుకుంటున్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి కడుక్కుని తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లింది.

"ఖాళీ వస్తే పిల్లలు ఇంకోదానికి పోతారండీ," అన్నాడతను, కంప్యూటరు మీంచి తలెత్తకుండా.

"పోయేవాడు పోతాడు బాబూ. ఉన్నవాడు ఊఁ కొట్టొద్దూ?"

"ఎవరికి కొడతాడండీ? మీరక్కడ లేరుగా."

"వాడికి ఉన్నాను."

అతను నవ్వాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లకి చెట్టు గొడవెందుకు? పసివాళ్ల పేరు మీద నడిచే ఆఫీసులో పసివాడు నోరు మెదిపేంత చోటు లేదు.

"అసలు మీకీ శ్రమెందుకండీ? మీ గొంతు మా దగ్గర రికార్డయి బోలెడుంది. వచ్చే నెల నుంచి దాంతో మిషనే చదివేస్తుంది. అది ఎక్కడా ఆగదు కూడా."

పొమ్మనలేక పొగబెట్టడం కూడా కాదిది. కథలమ్మ గుమ్మం వైపు తిరిగింది.

"ఊఁ వినబడకపోతే పిల్లాడు నిద్రపోయినట్టు బాబూ. నిద్రపోయినవాళ్లకే చెప్పుకోండి మీరు," అని బయటికొచ్చింది.

అప్పుడే వెళ్లిపోవాల్సింది. కానీ పొద్దున సగం చెప్పిన కథలో మేకని వానలో వదిలేసి పోవడానికి మనసొప్పలేదు. మళ్లీ ఆ ఉక్కగదిలో కూర్చుని దాన్ని ఇంటికి చేర్చింది. ప్రతి మాట దగ్గరా, ఇంతకు ముందుకన్నా ఎక్కువసేపు ఆగింది. గది అద్దం అవతల కూర్చున్న ఎడిటరమ్మ, కత్తిరింపు గుర్తు పెట్టడానికి ఒక్క ఖాళీ దగ్గరా చెయ్యి కదపలేదు.

"రేపట్నుంచి రాను తల్లీ," అంది కథలమ్మ సంచి అందుకుంటూ. "దీన్ని మాత్రం కొయ్యకు."

"కొయ్యకపోతే ఊరుకోరండీ."

"ఆఫీసుకి కోసిందే ఇవ్వు. కొయ్యనిది మీవాడికి పట్టుకెళ్లు."

మెట్లు దిగుతున్న చప్పుడు ఆగిపోయాక ఎడిటరమ్మ లైటు ఆర్పడానికి గదిలోకి వెళ్లింది. మైకుకి అవతల, రోజూ కథలమ్మ చూపు నిలిచే చోట, మిల్లు మూసిన రోజు ఆమె షెడ్డులోంచి తెచ్చుకున్న రంగు వెలిసిన పిల్లల కుర్చీ ఒకటి, మోకాలెత్తుది, మైకు వైపే తిరిగి ఉంది.