ఏ పేరుతో పిలిచినా

కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని ఆయన మళ్లీ వెతికాడు. ‘తేదీ’. పళ్లు తోముకోవడం ఎంత అలవాటో, పొద్దున్నే ఆఫీసు ప్రోగ్రాములన్నిటిలో ఆ మాట కోసం గాలించడం ఆయనకంత అలవాటు. ఒకప్పుడు తెర నిండిపోయేది. ఇవాళ ఒక్కటీ లేదు. నిన్నటిదాకా మిగిలిన ఆ చివరి ప్రోగ్రామూ జారిపోయింది.

‘తేదీ’ ఆయన రాసిన మాడ్యూలు. ఒకే ఒక్క ఫైలు. బస్సు టిక్కెట్లమ్మే ఆ కంపెనీలో రోజులు లెక్కపెట్టాల్సిన ప్రోగ్రాము ఏదైనా సరే, పైవరుసలోనే దాన్ని పేరుపెట్టి పిలుచుకునేది. ఇంపోర్టు అంటారు దాన్ని. ఆయన మాత్రం పిలుపనే అనుకునేవాడు. ఆ పిలుపుల పుణ్యాన ఆఫీసులో ఆయన తేదీగారైపోయాడు. అసలు పేరు జీతమిచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

పోయినేడు కొత్తమ్మాయి వచ్చింది. వస్తూనే ‘కాలం’ అని ఒక ప్యాకేజీ కట్టింది. ఒక ఫోల్డరు, అందులో ముచ్చటగా సర్దిన ఫైళ్లు. ఒక్కొక్కరే ‘తేదీ’ని మానేసి ‘కాలం’ని పిలుచుకోవడం మొదలుపెట్టారు. ఎంత హాయిగా ఉందో అని ఆయన ఎదుటే మెచ్చుకున్నారు. ఆయన ఆ ఫోల్డరు ఒక్కనాడూ తెరవలేదు. పిలవని పేరంటానికి వెళ్లినట్టుంటుందని. రోజూ చేసే వెతుకులాటలో కూడా దాన్ని వదిలేసేవాడు. ఆమె ఇంట్లో తన పేరెందుకుంటుంది?

ఆమెది ఎదురుబల్ల. దానిమీద నీలం అంచు కప్పులు రెండు. టీ వేళకు ఒకటి పట్టుకుని లేచేది.

“బాబాయ్, లేవండి. టీ.”

“పనుంది.”

“మీ పనికి కాళ్లొచ్చి పారిపోదులెండి. ఆ రెండో కప్పు మీకోసమే తెచ్చాను.”

“నాకు కాగితం కప్పే అలవాటు.”

ఇవాళ ఆమె ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్లిపోతోంది. ఈ రోజు కోసం ఆయన ఎదురుచూశాడు. కడుపులోని మంట చల్లారుతుందనుకున్నాడు. తీరా వచ్చాక తెలిసింది: పోయేది మనిషే, ‘కాలం’ ఎక్కడికీ పోదు. ఆమె లేకపోయినా అందరూ ఆమెనే పిలుస్తూ ఉంటారు. తాను ఇక్కడే, ఈ కుర్చీలోనే, పిలుపు లేకుండా ఉంటాడు.

అందరి ప్రోగ్రాములూ నడిచే పెద్ద కంప్యూటరులోంచి ‘తేదీ’ని ఆయన తన చేత్తోనే తీసేశాడు. అడిగే దిక్కులేని చోట పడి ఉండటం దేనికి? తీసేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరైనా, ఒక్కరైనా, ఏమైందని అడుగుతారేమోనని.

మధ్యాహ్నం దాటినా ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. టిక్కెట్లు అమ్ముడవుతూనే ఉన్నాయి. ఎవరో తుమ్మారు. ఎవరో నవ్వారు.

చిన్నప్పుడూ ఇంతే. అమ్మ ఎప్పుడూ ముందు తమ్ముణ్ణే పిలిచేది. “చిన్నోడా, నీళ్లు తేరా!” చిన్నోడు బంతాటలో ఉండేవాడు. బిందె మోసుకొచ్చేది తను. అయినా ఆయనకు బిందె బరువు గుర్తులేదు, ఆ పిలుపే గుర్తుంది.

సాయంత్రం ఆమె సంచి భుజాన వేసుకుని దగ్గరికొచ్చింది.

“వెళ్లొస్తాను బాబాయ్. ఇవాళైనా టీకి వస్తారా?”

“ఇప్పుడే తాగాను.”

“అబద్ధం. మీ మొహం చూస్తే పొద్దుటినుంచి మంచినీళ్లయినా తాగినట్టు లేదు.” నవ్వింది. “సరే, ‘కాలం’ జాగ్రత్త. అదంతా మీదేగా.”

జాలిపడుతోంది, అనుకున్నాడు. “నాదెందుకవుతుంది? నువ్వు కట్టుకున్నదేగా.”

ఆమె నవ్వు ఆగింది. “ఒక్కసారీ తెరిచి చూడలేదా?”

ఆయన తెరవైపు తిరిగిపోయాడు. ఆమె వెళ్లిపోయింది.

రోజూ పొద్దుగూకాక ప్రోగ్రాములన్నిటినీ ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడతారు. ఇవాళ ఆగినవి లేవలేదు. ప్రతి తెరమీదా ఒకటే వాక్యం: ‘తేదీ’ అనే మాడ్యూలు దొరకలేదు.

“ఆ పిల్ల పనే!” మేనేజరు లేచాడు. “పోతూ పోతూ ఏదో కెలికింది. ఫోన్ చేసి నాలుగు దులపండి!”

తేదీగారు మొదటిసారి ‘కాలం’ తెరిచాడు. ప్యాకేజీకి గుమ్మంలాంటి ఫైలొకటి ఉంటుంది, యంత్రం ముందు దాన్నే చదువుతుంది. అందులో మొదటి వరుసలో ఉన్నది తన పేరే. ఆమె ‘తేదీ’ని పిలిచి, లోపల కూర్చోబెట్టి, వచ్చినవాళ్లందరికీ అందిస్తోంది. ‘కాలం’ అని ఎవరు పిలిచినా పలికింది తనే. ఒకసారి పిలిచి కూర్చోబెట్టుకున్నవాణ్ణి, నడుస్తున్న ప్రోగ్రాము మళ్లీ పిలవదు. పగలంతా ఎవరికీ తెలియకపోవడం అందుకే.

“ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యకండి,” అన్నాడు. “తీసేసింది నేను.”

“మీరా? మీ ఫైలు మీరే ఎందుకు తీసేస్తారండీ?”

ఆయన అప్పటికే కీబోర్డు మీదికి వంగాడు. ఫైలు తిరిగి దాని చోట పెట్టాడు. తెరలు ఒక్కొక్కటే వెలిగాయి.

“హమ్మయ్య. వచ్చేసింది ‘కాలం’,” అన్నారెవరో.

ఆయన లేచి ఎదురుబల్ల దాకా వెళ్లాడు. కీబోర్డు తీసేసిన చోట పలకంత మేర దుమ్ము లేకుండా ఉంది. ఆమె తన కప్పు తీసుకెళ్లింది. రెండోది అక్కడే బోర్లించి ఉంది, కొట్టువాడు అంటించిన ధర చీటీ ఇంకా ఊడకుండా.