మంగళవారం గది

మా గదికి తాళం వేసింది కొత్త పార్టీవాళ్లు కాదు. జిల్లా కమిటీలో కూర్చున్న మీరే వేశారు.

వియన్నాలో మా కార్మికుల క్వార్టర్స్ కింది అంతస్తులో ఉండేది ఆ గది. ప్రతి మంగళవారం సాయంత్రం మన పార్టీ శాఖ అక్కడ కూర్చునేది. పైపు కారినా, పింఛను ఆగినా జనం అక్కడికే వచ్చేవాళ్లు. అన్నిటికీ వలస వచ్చినవాళ్లే కారణమనే కొత్త పార్టీకి ఓట్లు పోతున్నాయని మీరు గది మూసేసి, ఆ ఖర్చుతో కరపత్రాలు వేశారు. "ముందు మనవాళ్లు!" అని. మాట వాళ్లది, ఎర్ర సిరా మనది.

చలికాలం చివర్లో లిఫ్టు ఆగిపోయింది. నాలుగో అంతస్తులో ఉండే హెర్మినె ఒకప్పుడు ట్రాములో కండక్టరు. మోకాళ్లు పనిచేయవు, చూపూ ఆనదు. అప్పట్నుంచి కిందికి దిగలేదు. ఏటా మేడే పొద్దున ఊరేగింపు బయల్దేరేముందు ఆమె కిటికీకి ఎర్రజెండా వేలాడేది. ఈసారి లేదు.

"ఈవిడ కూడా అటు పోయిందా ఏంటి?" అన్నాడు జిల్లా కార్యదర్శి ఫాండ్ల్. ఇద్దరం మెట్లెక్కాం. పైకి చేరేసరికి ఆయనకి ఆయాసం.

తలుపు తీయగానే "స్నేహం!" అన్నాడు. మన పార్టీ పలకరింపు అదే కదా.

"ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చింది నీ స్నేహం?" అంది హెర్మినె.

"జెండా ఏది, కామ్రేడ్?" అన్నాన్నేను.

"ఇస్త్రీ చేసి పెట్లో పెట్టా. కొత్త పార్టీ రైనర్ వచ్చాడు. బంగాళాదుంపలు మోసుకొచ్చి, ఇక్కడే కూచుని నా మోకాళ్ల గోడంతా విన్నాడు. పక్కింటి యస్మీనా పిల్లలే లిఫ్టు పాడుచేశారన్నాడు."

ఫాండ్ల్ ముందుకు వంగాడు. "బయటివాళ్ల సంగతి మేమూ గట్టిగానే చెప్తున్నాం కదా! కరపత్రం అందలేదా?"

"అందింది. నాకు చదివి వినిపించింది ఎవరనుకున్నావు? యస్మీనానే. రోజూ నాకు రొట్టె, పాలు తెచ్చేది ఆమే. చదివి, మడిచి బల్లమీద పెట్టి వెళ్లిపోయింది."

ఫాండ్ల్ గొంతు సవరించుకున్నాడు. "కాలం మారింది, కామ్రేడ్. ఓట్లు రావాలంటే..."

"ఆ రైనర్ మాటే వినాలంటే వాడి దగ్గరే వింటా. వాడు కనీసం మెట్లెక్కి వచ్చాడు. ఎన్నికలకి ఇంకా టైముంది. గది తెరువు, జెండా కడతా."

కింద బ్యాండు మొదలైంది. "కమిటీలో పెడతాను" అని ఫాండ్ల్ దిగిపోయాడు. ఊరేగింపు ఖాళీ కిటికీ కిందుగానే కదిలింది.

కమిటీలో పెట్టడానికి ఏముంది? తాళంచెవి మీ దగ్గరే ఉంది. వచ్చే మంగళవారం గది తెరవండి. లిఫ్టు బాగయ్యేదాకా అధికారుల వెంటపడండి. యస్మీనా గుమ్మంలో నిలబడి, ఆ కరపత్రం మాదే, తప్పు మాదే అని చెప్పండి. మెట్లెక్కే వెళ్లండి.