దుబాసీగారి ఒక్క ముక్క

మా ఆయన టకేహికోది దుబాసీల వంశం. ఈ సంగతి నాగసాకిలో ట్రామెక్కిన ప్రతివాళ్లకీ ఆయనే చెప్పేశాడు. మా రేవులోని దెజిమా దీవిలో డచ్ ఓడలు సరుకు దించే కాలంలో ఆయన ముత్తాతకి ముత్తాత రాసుకున్న పదాల పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో పట్టుగుడ్డలో ఉంది. మా ఆయన డచ్ చదువంతా ఆ పుస్తకమే. ఒక్క డచ్ మనిషితో మాట్లాడిన పాపాన పోలేదు.

ఈ ఏడు జపాన్-డచ్ స్నేహం పేరున మా ఊళ్లో డచ్ సినిమాల పండుగ పెట్టారు. ఫెమ్కే అనే దర్శకురాలు వస్తోంది. సినిమా అయ్యాక మాటలకు టోక్యో నుంచి ఓ దుబాసీ అమ్మాయిని పిలిచారని తెలియగానే మా ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. స్వాగతం తనే డచ్‌లో చెబుతానని వాళ్లని ఒప్పించి వచ్చాడు.

పదిహేను రోజులు స్నానాలతొట్టిలో కూర్చుని ఒకటే సాధన.

"ఏమండీ, నీళ్లు చల్లారిపోయాయి. ఆవిడ వచ్చేలోపు జలుబొస్తుంది, లేవండి!"

"నోర్మూసుకో, ఓతెంబా!"

మా జపనీస్‌లో ఓతెంబా అంటే గడుగ్గాయి. పెళ్లయిన కొత్తలో కొండదారిలో బ్రేకు పట్టకుండా సైకిలు తొక్కానని పెట్టిన పేరు. నాకిప్పుడు అరవై ఎనిమిది.

పండుగ రోజు పొద్దున ఆయన కాఫీ కూడా ముట్టలేదు.

"ఒక్క ముక్క... ఆవిడకి ఒక్క ముక్క అర్థమైతే చాలే. లేకపోతే ఆ పుస్తకం మ్యూజియానికిచ్చేసి ఇక నోరెత్తను."

జాలేసింది. భయమూ వేసింది. నోరెత్తని టకేహికోతో ఒక్కపూట కూడా కాపురం చేయలేను.

హాలు నిండింది. ఆయన ఆరు నిమిషాలు మాట్లాడాడు. రెండువందల ఏళ్లనాటి మాటలు, అవీ మా లిపిలో రాసుకున్నవి, ప్రతి హల్లుకీ ఓ అచ్చు తోక. ఫెమ్కే చిరునవ్వు చెదరకుండా విని, టోక్యో అమ్మాయి చెవిలో ఏదో అంది. ఆ పిల్ల ముఖం కందిపోయింది.

"జపనీస్ భాష ఎంత వినసొంపుగా ఉందో, అంటున్నారు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన తల దించుకుని కాగితం మడిచేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మూడో వరసలోంచి లేచాను.

"ఎవరయ్యా ఆ నవ్వింది? దమ్ముంటే నువ్వెళ్లి మాట్లాడు! ఏమండీ, మీరు తలెత్తండి!"

"అబ్బా, కూర్చోవే ఓతెంబా!" అని ఆయన మైకులోనే కసిరాడు.

ఫెమ్కే ఉలిక్కిపడి చూసింది. "ఒంతెంబార్?" అంది. తర్వాత గడగడా ఏదో చెప్పింది.

"వాళ్ల భాషలోనూ ఆ మాట ఉందట," అంది టోక్యో అమ్మాయి. "ఎవరికీ లొంగని మనిషి అని అర్థమట. మీ మాట మా దగ్గర్నుంచే వచ్చిందేమో, అంటున్నారు."

హాలంతా చప్పట్లు. ఫెమ్కే నాకేసి తిరిగి నడుం వంచి నమస్కరించింది.

ట్రాములో మా ఆయన మెల్లగా అన్నాడు. "చూశావా, అర్థమైంది."

"అవదూ మరి! నలభై నాలుగేళ్లు నామీదేగా సాధన చేశారు."

ఇంటికొచ్చి పట్టుగుడ్డ విప్పి పుస్తకమంతా వెతికాడు. ఆ మాట లేదు. ఆరు తరాల్లో ఒక్కరూ రాయలేదు. కళ్లజోడు సర్దుకుని, చివరి పేజీలో కుంచెతో 'ఓతెంబా' అని రాశాడు. పక్కన అర్థం రాయాల్సిన చోట నా పేరు, 'టోమోఎ' అని రాశాడు.

నాకు ఏడుపొచ్చేసింది.

"అక్షరాలు వంకరగా ఉన్నాయండీ," అన్నాను.